ఇత్తడి జుట్టుకు నీలిమందు పెట్టకండి

రంగు చెడి వచ్చినవాళ్లు చున్నీ తీయరు. ముందు కూర్చుంటారు, మంచినీళ్లు తాగుతారు, ఎండల గురించి మాట్లాడతారు. ఫ్యాను గాలికి చున్నీ జారబోతే చటుక్కున పట్టుకుంటారు. విజయవాడలో ఇన్నేళ్లు పార్లర్ నడిపి నేను మొట్టమొదట నేర్చుకున్నది ఆ చున్నీ కేసి చూడకుండా మాట్లాడటం. వాళ్లంతట వాళ్లు తీసేదాకా ఆగాలి. తీశాక మన ముఖంలో ఏమీ కనపడకూడదు. "అయ్యో" అన్నామా, ఆ మనిషి మళ్లీ రాదు. ఇంటికి వెళ్లి ఇంకేదో పూసుకుంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఏ కోర్సు మంచిది, కుర్చీలు ఎక్కడ దొరుకుతాయి అని. వాటికి జవాబు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్క పని గురించి. ఇంట్లో బ్లీచ్ పెట్టుకుని బంగారు రంగు కోసం చూసినవాళ్లకు ఇత్తడి రంగు వస్తే, దాన్ని దించడం గురించి. మోకాళ్లు మొరాయించి పార్లర్ మూసేశాక కూడా నన్ను వదలని పని అది. ఇప్పటికీ మా ఇంటి గుమ్మంలో చున్నీలు కప్పుకున్న తలలు కనపడుతూనే ఉంటాయి.

డెస్కు మీద పట్టిన అలవాటు

పార్లర్ కంటే ముందు నేనొక దినపత్రికలో పనిచేశాను. జిల్లా డెస్కు. కైకలూరు నుంచి, అవనిగడ్డ నుంచి విలేఖరులు పంపిన వార్తలు దిద్దడం నా పని. మా ఇన్‌చార్జి మూర్తి గారికి విశేషణాలంటే పడేది కాదు. "భారీ వర్షం" అని ఉంటే కాగితం నా బల్ల మీదికి తిరిగొచ్చేది.

"భారీ అంటే ఏంటమ్మా? కాలవ పొంగిందా, గట్టు తెగిందా, చేలో నీళ్లు నిలిచాయా? అది కనుక్కుని రాయి. భారీయో కాదో చదివేవాడు చూసుకుంటాడు."

అప్పట్లో ఆయన మీద ఒళ్లు మండేది. డెస్కు ఎందుకు వదిలానన్నది వేరే సంగతి, ఇక్కడ అక్కర్లేదు. కానీ "జుట్టు పాడైపోయిందండీ" అంటూ వచ్చినవాళ్లను నేను జీవితమంతా అడిగిన ప్రశ్నలు మూర్తి గారివే. పాడైపోవడమంటే ఏమిటి? రంగు మారిందా, తెగుతోందా, జిగురుగా ఉందా? ఏం పెట్టారు? దానికి ముందేం పెట్టారు? తల ఏ నీళ్లతో కడిగారు? వేళ్లు జుట్టులో పెట్టకముందే ఇదంతా తెలియాలి. గిన్నె, బ్రష్షు చేతిలోకి తీసుకోవడం ఆఖరి పని. కొత్తవాళ్లందరూ దాంతోనే మొదలుపెడతారు.

రెజీనా గారు

రంగుల పని నాకు నేర్పింది రెజీనా గారు. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. గౌను వేసుకుని, అచ్చమైన బెజవాడ తెలుగులో తిట్టేది. నేను ఆమె పార్లర్‌లో చేరిన కొత్తలో ఒక స్కూలు టీచరు గారు ముందు వెంట్రుకలకు బంగారు చారలు వేయించుకోవడానికి వచ్చారు. నేను అడగాల్సినవన్నీ అడిగాను. ఇంతకుముందు ఏ రంగూ వేయలేదని ఆవిడ మూడుసార్లు చెప్పారు. బ్లీచ్ కలిపి ఒక పాయకు రాసి పల్చటి అల్యూమినియం రేకులో మడిచాను. కాసేపటికి రేకు చేతికి వేడిగా తగిలింది. ఇంకాసేపటికి ముట్టుకోలేనంత కాలింది.

రెజీనా గారు వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి, రేకు లాగేసి, చెంబుడు నీళ్లు గుమ్మరించింది. టీచరు గారి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏం పెట్టారమ్మా తలకి, నిజం చెప్పండి," అంది.

"ఏమీ పెట్టలేదండీ. నల్ల గోరింటాకు పొడి ఒకటే. అది రంగు కాదుగా, ఆకేగా!"

ఆ పొడిలో ఆకు ఎంతుందో తెలియదు గానీ, లోహపు లవణాలు కలిపి ఉండవచ్చు. అవి ఉన్న జుట్టు మీద బ్లీచ్ పడితే సలసలా కాగుతుంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మన జనం అబద్ధం చెప్పరు, వాళ్ల లెక్కలో గోరింటాకు మందు, మందారనూనె నూనె, రంగంటే షాపులో పెట్టెలో వచ్చేదొక్కటే. అందుకే ఆ రోజు నుంచి "రంగు వేశారా?" అని అడగడం మానేశాను. "తలకి ఏమేం తగిలాయి?" అని అడుగుతాను. అప్పుడు వరసగా అన్నీ వస్తాయి: గోరింటాకు, కుంకుడు, గుంటగలగర, కోడిగుడ్డు, ఎదురింటావిడ ఇచ్చిన నూనె.

రెజీనా గారు అనేది: "జుట్టుతో వాదించకే శారదా. అది చచ్చిన వస్తువు. నీ మాట వినదు." మెడ వెనక కింద ఒక పాయ తీసి, అక్కడ మందు రాసి, చూసి, ఆ తర్వాతే తలంతా ముట్టుకోవాలనేది. ఆ పాయ ఆరేదాకా టీ తాగమనేది. ఆమె నేర్పిన వాటిలో ఇంతకంటే గొప్పది లేదు.

ఆమెలో ఒక లోపం కూడా ఉంది, అదీ చెప్పాలి. ఏది అడిగినా "చూద్దాం" అనేది. కాదని చెప్పడం ఆమెకు చేతకాదు. కాని పనిని చూద్దామంటూ కుర్చీలో కూర్చోబెడితే వచ్చినవాళ్లు ఆశపడతారు, చివరికి ఏడుస్తారు. మంచి పనిమంతురాలు, మంచి మాటకారి, కానీ ఆ ఒక్క మాట వల్ల పోగొట్టుకున్న మనుషులు చాలామంది. నేను నా పార్లర్ పెట్టినప్పుడు "చూద్దాం" అనే మాటను గుమ్మం బయటే వదిలేశాను. "ఇది దిగుతుంది, ఇది దిగదు." అంతే.

రంగు ఎక్కడ ఆగుతుంది

మన జుట్టు నల్లగా కనపడుతుంది కానీ నలుపు పైపొర లాంటిది. బ్లీచ్ దాన్ని తినేస్తే కింద ఎరుపు బయటపడుతుంది. ఎరుపు కింద నారింజ. నారింజ కింద పసుపు. అన్నిటికంటే అడుగున, అరటిపండు తొక్క లోపలివైపు ఉండే లేత రంగు. పత్రికల్లో, ఫోన్లలో కనపడే బంగారు తలలన్నీ ఆ అరటితొక్క దాకా వెళ్లి అక్కడ నుంచి వెనక్కి దిద్దినవే. ఇంట్లో పెట్టుకునేవాళ్లు అక్కడిదాకా వెళ్లరు. మాడు మండుతుంది, భయమేస్తుంది, మధ్యలో కడిగేస్తారు. ఎక్కడ కడిగితే రంగు అక్కడ ఆగుతుంది. నారింజలో ఆగితే చింతపండుతో తోమని ఇత్తడి చెంబులా ఉంటుంది.

దాన్ని దించడానికి ఎదురు రంగు కావాలి. నారింజకు నీలం ఎదురు. పసుపుకు ఊదా ఎదురు. ఎరుపుకు ఆకుపచ్చ. ఇదే మొత్తం రహస్యం, దీనికి సర్టిఫికెట్టు అక్కర్లేదు. అయినా నా దగ్గరికి వచ్చిన వందమందిలో ఎక్కువమంది ఊదా షాంపూ సీసా పట్టుకుని వచ్చినవాళ్లే. "వీడియోలో ఒక్కసారికే తెల్లబడిందండీ, నాకు సీసా అయిపోవచ్చినా ఏమీ కాలేదు," అంటారు. వీడియోలో అమ్మాయిది లేత పసుపు. వీళ్లది ముదురు నారింజ. నారింజకు నీలం షాంపూ వాడాలి. వేరే ఇంటి తాళంచెవి తెచ్చి తలుపును తిట్టినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇంకో మాట. ఎదురు రంగు ఇత్తడి మెరుపును చంపుతుంది కానీ జుట్టును తెల్లబరచదు. నారింజ మీద నీలం వేస్తే వచ్చేది లేత గోధుమ రంగు. అది చాలా బాగుంటుంది, మన ఒంటి ఛాయకు నప్పుతుంది కూడా. కానీ అరటితొక్క తెలుపు కావాలన్నవాళ్లకు అది ఓటమిలా కనపడుతుంది. ఆ ముక్క ముందే చెప్పాలి.

షాంపూ ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ పని చేస్తుందనుకోవడం మరో పొరపాటు. రెండు మూడు నిమిషాలు చాలు, వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. సీరియల్ చూస్తూ తలకు పట్టించుకుని కూర్చున్న ఒకావిడ నేరేడుపండు రంగుతో లేచింది.

మన ఊళ్ల నీళ్ల సంగతి వేరే చెప్పాలి. బోరు నీళ్లలో ఇనుముంటే బకెట్టు అంచుకు ఎర్రటి గార పడుతుంది చూశారా, అదే బ్లీచ్ చేసిన జుట్టుకూ పడుతుంది. బ్లీచ్ తిన్న జుట్టు స్పాంజి లాంటిది, ఏది దొరికితే అది పీల్చుకుంటుంది. ఎంత దిద్దినా పది రోజులకు మళ్లీ ఇత్తడి కమ్ముకుంటోందని చెప్పేవాళ్లను నేను ముందు బకెట్టు గురించి అడుగుతాను. చివరి కడుగు తాగే క్యాన్ నీళ్లతో కడగమంటాను. రంగు నూనెలు మానమంటాను. ఎర్రటి మందారనూనె నల్లజుట్టు మీద కనపడదు, బంగారు జుట్టు మీద గులాబీ మచ్చలు పెడుతుంది. నూనె లేకపోతే తలనొప్పి అంటారా, తెల్లటి కొబ్బరినూనె రాయండి, దిద్దే రోజున మాత్రం జిడ్డు పోయేలా కడిగి రండి.

హిమజ తల

ఇప్పుడు ఈ మధ్య జరిగిన సంగతి. ఇదంతా రాయడానికి కారణం అదే.

హిమజ నా దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకున్న పిల్ల. వాళ్లది నేత కుటుంబం, తండ్రి వన్‌టౌన్‌లో బట్టల కొట్టు నడుపుతాడు. తను గన్నవరంలో సొంతంగా పార్లర్ పెడుతోంది. జుట్టు రంగులే ప్రధానమని బోర్డు మీద రాయించింది. ప్రారంభానికి ముందు, తన తలకు తనే ఇంట్లో బ్లీచ్ పెట్టుకుని, చక్కటి లేత బంగారు రంగు తెచ్చుకుంది. వేర్ల దగ్గర ఒక వేలెడు మేర కాస్త నారింజ మిగిలింది, దాన్ని తర్వాత దిద్దుకుందామనుకుంది. ఆ ఫొటో పెట్టి, వచ్చే వారం శుక్రవారం షాపు తెరుస్తున్నానని అందరికీ పంపింది.

ఈలోగా వాళ్లక్క పెళ్లి వచ్చింది.

ఒక శనివారం పొద్దున్న మా గుమ్మంలో ఇద్దరు. చున్నీ కప్పుకుని హిమజ, వెనకాల వాళ్ల మేనత్త కుమారి గారు. పెడన నుంచి పెళ్లికొచ్చి ఇంకా వెళ్లలేదావిడ. నేను మంచినీళ్లిచ్చాను. ఎండల గురించి మాట్లాడాను. హిమజకు నా పద్ధతి తెలుసు కాబట్టి ఎక్కువసేపు నన్ను శ్రమ పెట్టలేదు. చున్నీ తీసేసింది.

వేర్ల దగ్గర నారింజ. మధ్యంతా పసుపు, అందులో అక్కడక్కడ ఎరుపు జాడలు. చివర్లు ఆకుపచ్చ.

"మొదటి నుంచి చెప్పు," అన్నాను.

"హల్దీ రోజు పసుపునీళ్లు పోశారు ఆంటీ. వద్దన్నా వినలేదు. బావ తమ్ముడు ఏకంగా బిందె ఎత్తి కుమ్మరించాడు."

"వేడుకన్నాక పొయ్యరేంటే మరి," అన్నారు కుమారి గారు.

"తర్వాత?"

"షాంపూ పెట్టినా పోలేదు. భయమేసి బట్టల సబ్బు రుద్దాను. ఎర్రగా అయిపోయింది."

తెల్లచొక్కా మీద పప్పు మరక పడితే సబ్బు రుద్దగానే ఎర్రబడటం ప్రతి ఇంట్లోనూ చూసేదే. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది కూడా అందుకే. పసుపుకు ఘాటు తగిలితే ఎరుపెక్కుతుంది. ఈ పిల్ల తన తల మీద పారాణి కలుపుకుంది.

"ఆకుపచ్చ ఎక్కడిది?"

హిమజ అత్త కేసి చూసింది. కుమారి గారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"నేనే చెప్పానండీ. మా ఆయన పంచెలు ఎప్పుడైనా చూశారా? కొంగ రెక్కల్లా ఉంటాయి. మా వీధిలో అందరూ అడుగుతారు. పసుపుపచ్చబడ్డ పంచెకి నీలిమందు పెడితే తెల్లబడుతుందా లేదా, మీరే చెప్పండి."

"తెల్లబడుతుందండీ."

"మరి!"

ఆవిడ ఆలోచనను నేను వెక్కిరించలేను. నలభై ఏళ్లు నేను అమ్ముకున్న విద్య అదే. ఎదురు రంగు వేసి పసుపును చంపడం. కానీ పంచె దాదాపు తెల్లగా ఉంటుంది. బకెట్టు నీళ్లలో రెండు చుక్కలు వేస్తారు, అంచుకు కనపడీ కనపడని పసుపు పోతుంది. ఇక్కడ తల నిండా ముదురు పసుపు, దాని మీద సీసా మూత తీసి పోశారు. పసుపు మీద చిక్కటి నీలం పడితే ఏమవుతుందో బడిలో రంగుపెట్టె పట్టుకున్న ప్రతి పిల్లకూ తెలుసు. ఆవిడ లెక్క తప్పలేదు, బకెట్టు తప్పింది.

"ఇవన్నీ ఎందుకండీ, నలుపు వేయించేద్దాం," అన్నారు కుమారి గారు. "దేవుడిచ్చిన రంగు. ఎందుకొచ్చిన గొడవ."

"నలుపేసుకుని రంగుల షాపు తెరవమంటావా అత్తా? మిఠాయి కొట్టు పెట్టి ఉప్పు అమ్మినట్టుంటుంది."

"ఉప్పయినా అమ్ముడుపోతుంది. ఈ తల చూస్తే ఎవరొస్తారే?"

"నా తలే నా బోర్డు!"

"బోర్డు మీద పాచి పట్టింది, ముందది చూసుకో."

నాకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. హిమజ కళ్లు ఎర్రగా ఉన్నాయి. శుక్రవారం ఆ తలతో షాపు తెరిస్తే ఒక్కరు కూడా కుర్చీలో కూర్చోరు. నలుపు వేసుకుని తెరిస్తే, తన తలే దిద్దుకోలేనిది మా తల ఏం దిద్దుతుందంటారు. రెండూ నిజమే.

నలుపు వేసేయడం మా వృత్తిలో అందరూ ఎక్కే దొడ్డిదారి. బ్లీచ్ తిన్న జుట్టు మీద నలుపు నిలవదు. నెల తిరిగేసరికి పేడరంగులోకి దిగుతుంది. మళ్లీ బంగారం కావాలంటే ఆ నలుపును కూడా బ్లీచ్‌తో తీయాలి, అప్పటికి జుట్టు మిగలదు. నలుపు వేయడం దిద్దుబాటు కాదు, తప్పుల్ని దిద్దలేక వార్తనే తీసేయడం. మూర్తి గారు అలాంటివాళ్లను డెస్కు మీద ఉంచేవారు కాదు.

"నలుపు వెయ్యను," అన్నాను. "కానీ శుక్రవారానికి నీ ఫొటోలో ఉన్న తల రాదు. ఇంకో తల వస్తుంది. సరేనా?"

"సరే ఆంటీ."

"నేను ఆపమంటే ఆపాలి."

"ఆపుతాను."

వడియాల పక్కన

ఆ రోజు నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. జుట్టును మెత్తటి షాంపూతో గోరువెచ్చటి నీళ్లతో కడిగించి, బాగా పలచన చేసిన నిమ్మనీళ్లు పోయించాను. సబ్బు ఘాటు విరిగి ఎరుపు జాడలు మళ్లీ పసుపయ్యాయి. కుమారి గారు అది చూసి, "మంత్రమేశారేంటండీ!" అన్నారు. మంత్రం కాదు, పసుపు గుణం.

పసుపుకు ఇంకో గుణం ఉంది. ఎండకు ఓర్వదు. పసుపు మరక పడ్డ చీరను ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మరక సగం పోతుంది. ఆదివారం నుంచి రోజూ పొద్దున్నే హిమజ తలకు కండిషనర్ పట్టించి, ముఖానికీ మెడకూ గుడ్డ కప్పి మేడ మీద కూర్చోబెట్టాను. ఎండ ముదరక ముందే దించేసేదాన్ని. కుమారి గారు ఖాళీగా కూర్చోలేక మా ఇంట్లో గుమ్మడి వడియాలు పెట్టారు. ఒక చాప మీద వడియాలు, పక్క చాప మీద మేనకోడలు.

పక్క మేడ మీదావిడ పిట్టగోడ దగ్గరకొచ్చింది. "ఏంటండీ కుమారి గారూ, ఆరబెడుతున్నారు?"

"వడియాలండీ."

"ఆ రెండోది?"

"అదీ వడియమే. కాకులు ఎత్తుకుపోకుండా కూర్చున్నా."

గుడ్డ కింద నుంచి హిమజ నవ్వడం ఆ వారంలో అదే మొదటిసారి.

పసుపు దిగింది. నీలిమందు కూడా కడిగిన కొద్దీ వదిలింది, చివర్లలో తప్ప. బుధవారం నాటికి అసలు తల బయటపడింది. పొడుగంతా లేత పసుపు, వేర్ల దగ్గర నారింజ పట్టీ. మిగతాది తేటపడేసరికి ఆ పట్టీ ముందుకంటే ఎక్కువ మండుతున్నట్టు కనపడింది. హిమజ అద్దంలో చూసుకుని, సంచీలోంచి బ్లీచ్ డబ్బా తీసింది. తెచ్చుకుందని కూడా నాకు తెలియదు.

"ఒక్కసారి ఆంటీ. ఆ పట్టీకే. మీకు దణ్ణం పెడతాను."

నేను ఆ పట్టీ దగ్గర ఒక వెంట్రుక తడిపి, రెండు చేతులతో మెల్లగా లాగాను. మంచి వెంట్రుకైతే కాస్త సాగి వెనక్కి వస్తుంది. ఇది ఉడికిన సేమ్యాలా సాగుతూనే పోయింది, వెనక్కి రాలేదు. చివరికి తెగింది. ఆ ముక్కను ఆమె అరచేతిలో పెట్టాను.

హిమజ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. మాడు దగ్గర సేమ్యా అయితే ఊడేది ఒక్క పాయ కాదు, తలంతా. డబ్బా మూత బిగించి సంచీలో పెట్టేసింది.

"మరి శుక్రవారం?" అంది.

"నారింజను నారింజగానే ఒప్పుకుందాం. దాన్ని తెల్లబరచొద్దు, చల్లబరుద్దాం."

గురువారం రెండు గిన్నెలు పెట్టుకున్నాం. వేర్లకు నీలం, పొడుగుకు ఊదా. పార్లర్ సామాను నేనెప్పుడో పంచేశాను. అందుకని షాపులో దొరికే రంగు షాంపూలే, కండిషనర్‌లో కలిపి. ముందు మెడ వెనక పాయ మీద చూశాం. ఊదా ఎక్కువై పాయ బూడిదలా వచ్చింది. "టీ తాగుదాం," అన్నాను. ఇంకా పలచన చేసి మరో పాయ మీద చూశాం. ఈసారి కుదిరింది. అప్పుడు తలంతా రాసుకోమన్నాను, నేను రాయలేదు. అద్దం ముందు కూర్చుని తన తలకు తనే రాసుకుంది. నేను గడియారం చూశాను. చివరి కడుగు క్యాన్ నీళ్లు.

ఆరాక చూస్తే వేర్ల దగ్గర తాటిబెల్లం రంగు, కిందికి వచ్చేకొద్దీ పాత బంగారం. చివర్లలో ఆ ఆకుపచ్చ మాత్రం కదల్లేదు. కత్తెర తీసి భుజాల దాకా కత్తిరించేశాను.

కుమారి గారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "జడకి కూడా లేకుండా చేశారు కదండీ!"

"అక్క పెళ్లి అయిపోయిందిగా అత్తా, ఇప్పుడు జడెందుకు," అంది హిమజ. కింద పడ్డ ఆకుపచ్చ కొసల్ని తనే ఊడ్చింది.

శుక్రవారం

గన్నవరం బస్సులో వెళ్లాను. షాపు చిన్నదే, విమానాశ్రయం వైపు వెళ్లే దారిలో. తండ్రి కొబ్బరికాయ కొట్టి, కొట్టు దగ్గర పనుందని వెళ్లిపోయాడు. చుట్టాలు వచ్చారు, స్వీటు తిన్నారు, హిమజ తల చూశారు, ఫొటోలో ఉన్నదీ ఇదీ వేరు కదా అనుకున్నారు. కొందరు పైకే అన్నారు. కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మధ్యాహ్నానికి కుమారి గారూ, నేనూ, హిమజా మిగిలాం. హిమజ అప్పటికే తుడిచిన అద్దాన్ని మళ్లీ తుడుస్తోంది.

అప్పుడొచ్చింది ఒకమ్మాయి. కాలేజీ పిల్లలా ఉంది. తలుపు సగం తెరిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది. తల మీద చున్నీ.

హిమజ ఆ చున్నీ కేసి చూడలేదు. "రండి, లోపల చల్లగా ఉంది," అంది. మంచినీళ్లిచ్చింది. హైవే మీద ఎండ గురించి మాట్లాడింది. ఆ అమ్మాయి నీళ్లు తాగుతూ హిమజ తల కేసే చూస్తోంది.

"మీరు ఫొటోలో పెట్టింది ఇది కాదు కదండీ."

"కాదు."

"వేర్ల దగ్గర ముదురుగా ఉంది. కావాలనే అలా ఉంచారా?"

అవునంటే సరిపోయేది. ఇప్పుడిదే ఫ్యాషనంటే ఇంకా బాగుండేది. రెజీనా గారైతే నవ్వేసి మాట మార్చేది.

"లేదండీ," అంది హిమజ. "అక్కడ దిగలేదు. ఇంకా దించితే జుట్టు ఊడేది. అందుకని ఆపాను."

ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. చున్నీ మెల్లగా వెనక్కి తోసింది. తలంతా ఇత్తడి, చెవుల పక్కన మరీ ముదురు.

హిమజ ముఖంలో ఏమీ కనపడలేదు. గిన్నెల వైపు వెళ్లలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "తలకి ఏమేం తగిలాయో మొదటి నుంచి చెప్పండి. ఆకే కదా అని గోరింటాకు వదిలెయ్యకండి."

మూల నుంచి కుమారి గారు అందుకున్నారు. "నీలిమందు కూడా చెప్పమ్మా, సిగ్గుపడకు."

"నీలిమందు పెట్టలేదండీ," అంది ఆ అమ్మాయి తల దించుకుని. "టూత్‌పేస్టు పెట్టాను."

కుమారి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను చెప్పులేసుకోవడానికి లేచాను.

హిమజ నవ్వలేదు. "ఎంతసేపు ఉంచారు?" అంది.